అమ్మ కుండలో పిడికెడు బియ్యం



"పైవాళ్ళను చూసి ఏడవకు, కిందివాళ్ళను చూసి తృప్తిపడు" అని మన పెద్దలు చెబుతూ ఉంటారు. మంచి మాటే. పక్కింటివారు డాబా మీద డాబా వేశారని మనకు నిద్ర పట్టదు. తోడికోడలి కొడుక్కి అమెరికా వీసా వచ్చిందని మన ఇంట్లో అన్నం సహించదు. బిడ్డకు రెండు మార్కులు తగ్గితే ఇల్లంతా చావు ఇల్లులా మారుతుంది. ఒక రూపాయి బిళ్ళను కంటికి ఆనించి పెట్టుకుంటే సూర్యుడు కూడా కనపడడు. బిళ్ళ పెద్దదని కాదు, దాన్ని అంత దగ్గరగా పెట్టుకున్నామని. మన చిన్న చిన్న కష్టాలు కూడా అలాంటివే. ఆ బిళ్ళను కాస్త దూరం జరపమనే పెద్దల సలహా.

అయితే ఈ సలహాలో ఒక ఉచ్చు ఉన్నది. ముప్పై ఏళ్ళకు దగ్గరగా గురుత్వ సేవలో ఉండి, ఎన్నో ప్రసంగాలు చెప్పి, నేనే ఆ ఉచ్చులో పడ్డాను. ఆ సంగతి దాచుకోకుండా మీతో చెప్పాలని ఈ వారం కలం పట్టుకున్నాను.

నోటితో చేసిన ఓదార్పు

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతల కాలం. కోసిన వరి పనలు చేలలోనే ఉన్నాయి. రెండు రోజుల వానకు పనలు నీళ్ళలో నానిపోయాయి. వెన్నుల మీదే గింజ మొలకెత్తింది. సొంత పొలం ఉన్న రైతుకే అది పెద్ద దెబ్బ. కౌలు రైతు సంగతి చెప్పనక్కరలేదు. పంట పోయినా కౌలు బస్తాలు కొలవాలి, తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టాలి. పరిహారం అడుగుదామంటే పొలం కాగితాలు మరొకరి పేరు మీద ఉంటాయి.

మా విచారణలో ఒక కౌలు రైతు ఉన్నారు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. ప్రతి ఆదివారం పూజకు వచ్చి వెనుక స్తంభం పక్కన నిలబడే మనిషి. తుపాను వెలిసిన మర్నాడు వారి ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద మౌనంగా కూర్చుని ఉన్నారు. ఓదార్చాలి కదా అని నేను మొదలుపెట్టాను.

"దిగులుపడకండి. ఇల్లు నిలిచింది, ఇంట్లో వాళ్ళంతా క్షేమంగా ఉన్నారు. 1977లో దివిసీమలో ఏమీ మిగలని వాళ్ళను తలచుకోండి. వాళ్ళతో పోల్చుకుంటే మనం ఎంత అదృష్టవంతులం!"

ఆయన కోపం తెచ్చుకోలేదు. మెల్లగా అన్నారు: "నిజమే స్వామీ. వాళ్ళది పెద్ద కష్టమే. అంతమాత్రాన నా అప్పు తీరుద్దా స్వామీ?"

నాకు నోట మాట రాలేదు. ఇంతలో ఆ ఇల్లాలు టీ తెచ్చి ఇచ్చింది. తాగి, ఒక చిన్న ప్రార్థన చెప్పి బయటపడ్డాను. సగం దారిలో తట్టింది. వట్టి చేతులతో వెళ్ళి, కష్టంలో ఉన్న ఇంట్లో వాళ్ళ పాలూ పంచదారా ఖర్చు చేయించి వచ్చాను. ఆ పూట ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందా అని కూడా అడగలేదు.

ఆ రాత్రి పునీత యాకోబు లేఖ రెండవ అధ్యాయం తెరిచాను. కట్టుకోవడానికి బట్టలేని, తినడానికి తిండిలేని సహోదరునికి అవసరమైనది ఇవ్వకుండా, క్షేమంగా వెళ్ళు, చలి కాచుకో, కడుపు నింపుకో అని చెప్పి పంపితే ప్రయోజనమేమిటని అపోస్తలుడు అడుగుతున్నాడు (యాకోబు 2:15-16). ఎన్నోసార్లు చదివి వినిపించిన వాక్యమే. ఆ రాత్రి మాత్రం అది నన్నే నిలబెట్టి అడిగినట్లు అనిపించింది.

యోబు స్నేహితులు గుర్తున్నారు కదా! వాళ్ళు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా యోబు పక్కన నేల మీద కూర్చున్నారు (యోబు 2:13). అంతవరకు వాళ్ళు మంచి స్నేహితులే. నోరు తెరిచి యోబు బాధకు అర్థం చెప్పబోయినప్పుడే చెడిపోయారు. నేను ఏడు నిమిషాలు కూడా మౌనంగా కూర్చోలేకపోయాను.

పరిసయ్యుని కృతజ్ఞత

మరొకరి కష్టం చూసి "దేవా, నాకు అంత కష్టం రాలేదు, నీకు స్తోత్రం" అనుకోవడం తప్పా? దేవునికి కృతజ్ఞత చెప్పడం ఎన్నడూ తప్పు కాదు. కాని కృతజ్ఞత అక్కడే ఆగిపోతే ప్రమాదం. దేవాలయంలో నిలబడి ప్రార్థించిన పరిసయ్యుడు కూడా కృతజ్ఞతే చెప్పాడు. ఇతరులవంటి వాడను కానందుకు, అదిగో ఆ సుంకరి వంటి వాడను కానందుకు వందనం అన్నాడు (లూకా 18:9-14). పక్కవాణ్ణి మెట్టుగా చేసుకుని దాని మీద నిలబడి దేవుణ్ణి స్తుతించాడు. సుంకరి దగ్గరకు ఒక్క అడుగు కూడా వేయలేదు.

ఆసుపత్రి నుంచి తిరిగి వస్తూ "అబ్బ, వాళ్ళను చూస్తే మన కష్టం ఒక కష్టమా!" అంటాం. ఇంటికి చేరి కడుపునిండా అన్నం తిని పడుకుంటాం. ఆ రోగి మంచం మీద అలాగే ఉన్నాడు. అతని బాధ మనకు తలనొప్పి మాత్రలా పనిచేసింది. మన మనసు తేలికపడింది, అతనికి మాత్రం ఒరిగిందేమీ లేదు. పేదవాడు మన ఓదార్పు కోసం పుట్టాడా? మన ఇంటి గుమ్మం ముందు లాజరు కూర్చున్నది మనకు తృప్తి నేర్పడానికేనా?

అమ్మ చేసిన పోలిక

ఆ రాత్రి నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. ఆమెది నాలుగో తరగతి చదువు. నేను గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నాను. కాని ఈ పాఠం ఆమెకు వచ్చినంత బాగా నాకు రాలేదు.

మాది దివిసీమకు ఎగువన ఉన్న ఒక పల్లె. నాన్న కూలికి వెళ్ళేవాడు. మా ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న మట్టి కుండ ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు అమ్మ అందులోంచి ఒక పిడికెడు తీసి, సిలువ గుర్తు వేసుకుని ఆ కుండలో వేసేది. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేవి. ఉపదేశిగారు వాటిని కొలిచి, దిక్కులేని ముసలివాళ్ళకు పంచేవారు. మన విచారణల్లో చాలా ఇళ్ళలో ఒకప్పుడు ఈ అలవాటు ఉండేది. మీ అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి చూడండి.

1977 నవంబరు 19. నాకు అప్పుడు ఏడేళ్ళు. ఆ రోజు వచ్చిన ఉప్పెన కోడూరు, నాగాయలంక ప్రాంతాలను ముంచేసింది. వేలాది మంది చనిపోయారు. ప్రభుత్వ లెక్కలే పది వేల దాకా చెప్పాయి. మా ఊరి వరకు సముద్రం రాలేదు. గాలికి మా తాటాకు కప్పు మాత్రం ఎగిరిపోయింది. బియ్యం తడిసిపోయాయి. మర్నాడు ఎండ వచ్చాక అమ్మ వాటిని చాప మీద ఆరబోసి, వంటకు కొలుచుకుని, ఎప్పటిలాగే పిడికెడు తీసి కుండలో వేసింది.

"మనకే లేవుగదమ్మా!" అన్నాను నేను.

"మనకు కప్పే పోయింది నాయనా. సముద్రం పక్కన బిడ్డలకు అన్నం పెట్టే తల్లే పోయింది. లే, ఆ సంచి ఇట్లా పట్టుకో" అన్నది.

ఆ రోజు కుండలోని బియ్యమంతా సంచిలో పోసింది. ఉపదేశిగారు ఇంటింటా పోగుచేసిన బియ్యాన్ని ఎడ్లబండి మీద దిగువ ఊళ్ళకు పంపించారు. ఆ రాత్రి మేము గంజి తాగి, నెత్తిమీద కప్పు లేకుండా చుక్కల కింద పడుకున్నాం.

గమనించండి. అమ్మ చేసినది కూడా పోలికే. "మనకంటే వాళ్ళ కష్టం పెద్దది" అనే మాటే. నలభై ఆరు సంవత్సరాల తరువాత ఆ కౌలు రైతుకు నేను చెప్పినదీ అదే మాట. మరి తేడా ఎక్కడున్నది? అమ్మ పోలిక కుండ దగ్గరకు వెళ్ళింది. నా పోలిక నోటి దగ్గరే ఆగిపోయింది. అమ్మ ఆ మాటను తన కష్టానికి తాను చెప్పుకున్నది. నేను దాన్ని ఎదుటివాని కష్టానికి చెప్పాను.

సహోదరులారా, "నాకంటే నీ కష్టం పెద్దది" అనే హక్కు ప్రతివారికీ ఉన్నది. "నీకంటే మరొకరి కష్టం పెద్దది" అని ఏడుస్తున్నవాడికి చెప్పే హక్కు మాత్రం మనకు లేదు. బాధపడుతున్న మనిషి తనకు తాను చెప్పుకుంటే అది మందు. పక్కనున్నవాడు చెబితే పుండు మీద కారం.

మన ప్రభువు ఏం చేశారు? మరికొన్ని నిమిషాల్లో లాజరును తానే సమాధి నుంచి లేపబోతున్నారని ఆయనకు తెలుసు. అయినా మరియమ్మ ఏడుస్తుంటే, ఇంతకంటే ఘోరమైన చావులు ఉన్నాయి అనలేదు. ఆయన కూడా కన్నీరు కార్చారు (యోహాను 11:33-35). తరువాతే రాయిని తొలగించమన్నారు. ముందు కన్నీరు, ఆ తరువాత సహాయం. ఉపన్యాసం ఆ రెంటికీ మధ్య ఎక్కడా లేదు.

జాలి ఎవరికి పుడుతుంది?

పునీత అక్వినాసు తోమాసుగారు తన దైవశాస్త్ర సంగ్రహంలో కనికరం గురించి చర్చిస్తూ ఒక గొప్ప సంగతి చెప్పారు. మాకు ఏ ఆపదా రాదు అనుకునే భాగ్యవంతులకు, బలవంతులకు కనికరం సులభంగా పుట్టదు. మాకూ ఆపద రావచ్చునని ఎరిగిన వృద్ధులకు, వివేకులకు, బలహీనులకు అది పుడుతుంది. ఎదుటివాని కష్టంలో వారు తమను చూసుకోగలరు.

జీవితాన్ని సరైన కొలతలో చూడటమంటే ఇదే. "నేను వాడికంటే పైన ఉన్నాను" అనుకోవడం కొలత కాదు. "వాడూ నేనూ ఒకే నేల మీద ఉన్నాం, నిన్న వాని ఇంటికి వచ్చిన నీరు రేపు నా ఇంటికీ రావచ్చు" అనుకోవడం కొలత.

తిరిగి వెళ్ళిన రోజు

మర్నాడు ఉదయం పూజ ముగించుకుని యువజనులు ఆరుగురిని వెంటబెట్టుకుని ఆ రైతు పొలానికి వెళ్ళాను. షామియానాల వ్యాపారి రెండు టార్పాలిన్ పట్టాలు ఇచ్చాడు. నీళ్ళలోంచి పనలు ఎత్తి గట్ల మీదకు చేర్చాం. నేను బురదలో దిగి ముప్పై ఏళ్ళు దాటింది. గంటలోనే నడుము పట్టేసింది. ఆయన నన్ను చూసి నవ్వారు. తుపాను తరువాత ఆయన నవ్వడం అదే మొదటిసారి అని తరువాత వాళ్ళావిడ చెప్పింది. ఆ రోజు నేను ఓదార్పు మాట ఒక్కటి కూడా చెప్పలేదు.

ఇదేదో అద్భుతంగా ముగిసిందని చెప్పను. తడిసిన ధాన్యం తక్కువ ధరకే పోయింది. అప్పు పూర్తిగా తీరలేదు. మన విన్సెంట్ డి పాల్ సభ వారు ఆయన కుమార్తె కాలేజీ ఫీజు ఒక విడత కట్టారు. అంతే మేము చేయగలిగింది.

తరువాత 2024 సెప్టెంబరు వచ్చింది. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల పేటలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ప్రకాశం బరాజ్ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. మా విచారణలో గంట కొట్టించి, బియ్యం, పాత బట్టలు, మంచినీళ్ళ సీసాలు తెమ్మని చెప్పాము. తల్లులు గుడి ఆవరణలోనే పులిహోర కలిపి పొట్లాలు కట్టారు.

సాయంత్రం ఆ కౌలు రైతు ఒక గోనె సంచి భుజాన వేసుకుని వచ్చారు. అందులో పది కిలోల దాకా బియ్యం ఉంటాయి. "మీకే ఇబ్బందిగా ఉన్నది కదండీ" అన్నాను.

"మాకు పైరే పోయింది స్వామీ. వాళ్ళ ఇళ్ళలోకే నీళ్ళొచ్చినయ్. వాళ్ళదే పెద్ద కష్టం" అని సంచి దించారు.

తొమ్మిది నెలల కిందట నేను చెబితే ఆయన అంగీకరించలేకపోయిన మాట! ఇప్పుడు తానే, తన నోటితో, భుజాన బియ్యం మూటతో చెప్పారు. మా అమ్మ గొంతు మళ్ళీ విన్నట్లయింది. ఆ మాట చెప్పే అర్హత ఎవరికి ఉంటుందో ఆ సాయంత్రం నాకు పూర్తిగా బోధపడింది.

పేదల దినోత్సవం

జగద్గురువులు పోపు ఫ్రాన్సిస్ గారు 2016లో కరుణ జూబిలీ సంవత్సరం ముగింపున ప్రపంచ పేదల దినోత్సవాన్ని ఏర్పాటు చేశారు. క్రీస్తురాజు పండుగకు ముందు ఆదివారం దాన్ని జరుపుకుంటున్నాం. మొదటిసారి జరిగినది 2017 నవంబరు 19న. దివిసీమ ఉప్పెనకు సరిగ్గా నలభై ఏళ్ళు నిండిన రోజు అది. రోములో ఎవరూ మన ఉప్పెనను తలచుకుని ఆ తేదీ పెట్టి ఉండరు. అయినా మన ప్రాంతపు క్రైస్తవులకు ఆ కలయిక మరచిపోరానిది. ఆ మొదటి సంవత్సరానికి పోపుగారు ఎన్నుకున్న అంశం మాటలతో కాక చేతలతో ప్రేమించాలన్న యోహానుగారి బోధ (1 యోహాను 3:18). ఫ్రాన్సిస్ గారు 2025 ఏప్రిల్‌లో పరమపదించారు. వారి తరువాత వచ్చిన పోపు 14వ లియో గారు అదే సంవత్సరం అక్టోబరులో పేదల పట్ల ప్రేమను గురించే తన మొదటి ఉపదేశ పత్రాన్ని వెలువరించారు. తిరుసభ మనల్ని మళ్ళీ మళ్ళీ ఎటువైపు చూడమంటున్నదో అర్థమవుతున్నది కదా!

సారెఫతు ఊరి విధవరాలి ఇంట్లో మిగిలినది పిడికెడు పిండి మాత్రమే. తానూ కొడుకూ తిని చనిపోదామనుకున్న ఆ పిండిలోనుంచి, ముందు తనకు చిన్న రొట్టె చేసిపెట్టమని ఏలీయా అడిగాడు. ఆమె చేసిపెట్టింది. ఆ పిండి తరిగిపోలేదు (1 రాజులు 17:8-16). మా అమ్మ కూడా పిడికెడు ముందే తీసేది. తిన్న తరువాత మిగిలితే ఇద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. ముందు తీసిపెట్టినదే కానుక అవుతుంది.

మనం ఏం చేద్దాం?

మొదటిది. మీ వంటింట్లో ఒక కుండ పెట్టండి. కుండ లేకపోతే డబ్బా పెట్టండి. రోజూ బియ్యం కడిగే ముందు పిడికెడు అందులో వేయండి. ఆ పని మీ పిల్లల చేత చేయించండి. రెండు మార్కులు తగ్గాయని ఏడ్చే బిడ్డకు పది ఉపదేశాలకంటే ఆ పిడికెడు బియ్యం ఎక్కువ నేర్పుతుంది.

రెండవది. నెలకొక్కసారి కష్టంలో ఉన్న ఒక ఇంటికి వెళ్ళండి. 1833లో పారిస్ నగరంలో ఇరవై ఏళ్ళ విద్యార్థి ఫ్రెడరిక్ ఓజానాం తన మిత్రులతో విన్సెంట్ డి పాల్ సభను ప్రారంభించినప్పుడు చేసిన ప్రధానమైన పని ఇదే: పేదల ఇళ్ళకు స్వయంగా వెళ్ళడం. వట్టి చేతులతో వెళ్ళకండి. వెళ్ళి ప్రసంగం చెప్పకండి. కూర్చోండి. వినండి. ఏం కావాలో అడగండి. ఫోనులో ఫోటో తీయకండి. కుడిచేయి ఇచ్చినది ఎడమచేయికి తెలియరాదన్న ప్రభువు (మత్తయి 6:3) దాన్ని ఊరంతా చూపించమనలేదు.

మూడవది. ఈ పత్రిక చదువుతున్న మీరే కష్టంలో ఉండవచ్చు. అప్పుల్లోనో, జబ్బులోనో, బిడ్డను పోగొట్టుకున్న దుఃఖంలోనో ఉండవచ్చు. మీకంటే కష్టపడేవారు లేరా అని ఎవరైనా మీ నోరు మూయించి ఉంటే, వారి తరఫున, అలా చేసిన ఒక గురువుగా, నన్ను క్షమించండి. మీ ఏడుపు అవిశ్వాసం కాదు. ప్రభువు కూడా ఏడ్చారు. మీ ఇబ్బందిని మీ విచారణ గురువుతో చెప్పండి. చెప్పడానికి సిగ్గుపడకండి. సహాయం అందుకోవడం కూడా సంఘంలో ఒక భాగమే.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ మట్టి కుండ నేను గురువునయ్యాక ఇల్లు మారినప్పుడు పగిలిపోయింది. తుపాను తరువాత ఆ రైతు ఇంటి నుంచి వచ్చిన వారమే సంతలో ఒక కుండ కొని నా వంటగదిలో పెట్టాను. మా వంటమనిషి మొదట వింతగా చూసింది. ఇప్పుడు ఎప్పుడైనా నేను మరచిపోతే, "పిడికెడు తీశారా స్వామీ?" అని ఆమే గుర్తుచేస్తున్నది.

మన కష్టాల్లోనూ సాటివారి కష్టాన్ని చూసే కన్నును, చూసిన వెంటనే చాచే చేతిని ప్రభువు మనకందరికీ దయచేయునుగాక. కానా పల్లెలో పెళ్ళివారి కొరతను ముందుగా గమనించిన మరియమాత మన కోసం వేడుకొనునుగాక. ఆమెన్.